ఎన్‌ఎంఆర్ గ్రాఫు, ఎంఆర్‌ఐ బొమ్మ: సూత్రం ఒకటే అయితే తేడా ఎక్కడ వచ్చింది?

మీ ప్రశ్నలో నిజానికి మూడు ప్రశ్నలున్నాయి. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ తరగతిలో గీతలుగా కనిపించే ఎన్‌ఎంఆర్ (న్యూక్లియర్ మాగ్నెటిక్ రెజొనెన్స్), ఆసుపత్రిలో మెదడు బొమ్మ తీసే ఎంఆర్‌ఐ (మాగ్నెటిక్ రెజొనెన్స్ ఇమేజింగ్) ఒకే సూత్రంతో ఎలా పనిచేస్తాయి? పేరులోనే ‘న్యూక్లియర్’ ఉంది కదా, మీ నాన్నమ్మగారికి స్కాన్ తీయిస్తే రేడియేషన్ ప్రమాదం ఉంటుందా? బొమ్మలో తేడాలు స్పష్టంగా కనబడేందుకు ఇచ్చే కాంట్రాస్ట్ ఇంజెక్షన్ ఇస్తామంటే ఒప్పుకోవాలా? ఏళ్ల తరబడి ఎన్‌ఎంఆర్ యంత్రాల దగ్గర పనిచేసి, ఆ తర్వాత ఎంఆర్‌ఐ బృందాలతో కలిసి పనిచేసినవాడిగా వివరంగానే చెబుతాను. జవాబు పొడవైనదే. ఈ విషయాన్ని కుదించి చెబితే అర్థమైనట్టే అనిపిస్తుంది కానీ అర్థం కాదు.

ముందు భయం సంగతి తేల్చేద్దాం. 1.5 టెస్లా (అయస్కాంత క్షేత్ర బలానికి కొలమానం టెస్లా) స్కానర్‌లో వాడేది సుమారు 64 మెగాహెర్ట్జ్ రేడియో తరంగం. ఎఫ్‌ఎం ప్రసారాలు 88 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలవుతాయి, ఇది వాటికన్నా కాస్త కిందే. ఈ తరంగంలో ఒక్కో ఫోటాన్ (తరంగ శక్తి మోసే అతి చిన్న మూట) శక్తి ఒక ఎలక్ట్రాన్ వోల్టులో (అణువుల స్థాయిలో శక్తికి కొలమానం) సుమారు 38 లక్షలో వంతు. అణువులోని బంధం తెగాలంటే కొన్ని ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. ఎక్స్‌రే, సీటీ స్కాన్ ఫోటాన్లకు పదుల వేల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉంటుంది. మన ఒంటి వేడికి అణువులు ఒకదానినొకటి ఢీకొనే శక్తి కూడా ఈ రేడియో ఫోటాన్ శక్తికన్నా లక్ష రెట్లు ఎక్కువ. కాబట్టి దీనికి డీఎన్‌ఏను తెంచే శక్తి లేదు. కేంద్రకం చీలదు, మారదు, దాని నుంచి ఏ కణమూ వెలువడదు. కేంద్రకానికి పుట్టుకతోనే ఉన్న అతి చిన్న అయస్కాంత గుణాన్ని వాడుకుంటామంతే. ఎంఆర్‌ఐలో అసలైన ప్రమాదాలు వేరే ఉన్నాయి, వాటి గురించి చివర్లో చెబుతాను.

ఇక సూత్రం. ఈ రంగంలో ఇన్నేళ్లు గడిపాక నాకు బలంగా అనిపించేది ఒకటుంది: ఒక తరం శాస్త్రవేత్తలు కొలతకు అడ్డం అనుకున్నదాన్నే తర్వాతి తరం కొలతగా మార్చుకుంటూ వచ్చింది. మీ తరగతిలోని గ్రాఫూ ఆసుపత్రిలోని బొమ్మా విడిపోయిన చోటు అదే. ఈ దారిలో చదివితే సూత్రాలను బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

స్పిన్ అనే సహజ గుణం ఉన్న కేంద్రకాలకు అయస్కాంత గుణం ఉంటుంది. కార్బన్-12, ఆక్సిజన్-16 కేంద్రకాలకు స్పిన్ సున్నా, అవి ఈ పద్ధతికి అందవు. హైడ్రోజన్ కేంద్రకం అంటే ఒక్క ప్రోటాన్. దానికి స్పిన్ ఉంది, అయస్కాంత గుణమూ బలంగా ఉంది. పైగా నీటిలో, కొవ్వులో, దాదాపు ప్రతి సేంద్రియ పదార్థంలో హైడ్రోజనే నిండి ఉంటుంది. బలమైన అయస్కాంత క్షేత్రంలో పెడితే ప్రోటాన్లు క్షేత్ర దిశకు అనుకూలంగా కొన్ని, వ్యతిరేకంగా కొన్ని చేరతాయి. అనుకూలంగా ఉన్నవే కాస్త ఎక్కువ. ఆ ‘కాస్త’ ఎంతో చూడండి: 1.5 టెస్లా క్షేత్రంలో, శరీర ఉష్ణోగ్రత దగ్గర, పది లక్షల ప్రోటాన్లకు సుమారు ఐదు. మిగిలినవన్నీ ఒకదాని ప్రభావాన్ని మరొకటి రద్దు చేసుకుంటాయి. అయినా సంకేతం ఎందుకు దొరుకుతుందంటే, ఒక ఘన మిల్లీమీటరు నీటిలో దాదాపు 6.7 లక్షల కోట్ల కోట్ల ప్రోటాన్లు ఉంటాయి. పది లక్షలకు ఐదు చొప్పున చూసినా మూడు కోట్ల కోట్లకు పైగా మిగులుతాయి. ఎన్‌ఎంఆర్‌లో వచ్చే కష్టాలన్నిటికీ మూలం ఈ స్వల్ప మిగులే. పెద్ద అయస్కాంతాలు, ద్రవ హీలియం, గంటల తరబడి సంకేతాన్ని పోగు చేయడం అన్నీ దానికోసమే.

ఈ మిగులు ప్రోటాన్లన్నిటి అయస్కాంతత్వాన్ని కలిపి ఒకే సదిశగా (దిశ, పరిమాణం రెండూ ఉన్న బాణంలా) తీసుకోండి. మామూలుగా అది క్షేత్ర దిశలోనే ఉంటుంది. దాన్ని పక్కకు వాల్చగలిగితే క్షేత్ర దిశ చుట్టూ తిరగడం మొదలుపెడుతుంది. ఆ వేగం క్షేత్ర బలానికి నేరుగా అనుపాతంలో ఉంటుంది: ప్రోటాన్‌కు టెస్లాకు 42.58 మెగాహెర్ట్జ్. ఈ అంకెను గుర్తుంచుకోండి, ఈ జవాబులో ఇక మీదట వచ్చేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది. మరి దాన్ని వాల్చడం ఎలా? స్కానర్‌లో రేడియో తరంగపు అయస్కాంత క్షేత్రం ప్రధాన క్షేత్రంలో లక్షో వంతు స్థాయిలోనే ఉంటుంది. ఒక్క చుట్టులో అది చేయగలిగింది దాదాపు శూన్యం. కానీ దాని పౌనఃపున్యం (సెకనుకు ఎన్ని కంపనాలో ఆ లెక్క) ప్రోటాన్ల చుట్ల వేగంతో సరిగ్గా కలిసినప్పుడు, ఉయ్యాలను దాని లయకు తగ్గట్టు వేలితో నెట్టినట్టుగా, ప్రతి చుట్టులోనూ ఆ కొంచెం కొంచెం చేరుతూ పోతుంది. 64 మెగాహెర్ట్జ్ దగ్గర 0.6 మిల్లీసెకన్ల కాలంలో దాదాపు 38 వేల చుట్లు పూర్తవుతాయి, ఆలోపే సదిశ 90 డిగ్రీలు వాలిపోతుంది. అనునాదం అంటే ఇదే. లయ కొద్దిగా తప్పినా నెట్టినదంతా రద్దయిపోతుంది. రేడియో తరంగాన్ని ఆపేశాక వాలిన సదిశ తిరుగుతూనే ఉండి, చుట్టూ ఉన్న తీగచుట్టలో అతి చిన్న విద్యుత్ వోల్టేజీని పుట్టిస్తుంది. మనం నమోదు చేసేది దాన్నే. అది క్రమంగా క్షీణించిపోతుంది.

1938లో ఇసిడోర్ రాబీ అణుపుంజాల మీద ఈ అనునాదాన్ని మొదట చూపించారు. 1945 చివరికి హార్వర్డ్‌లో ఎడ్వర్డ్ పర్సెల్ బృందం పారఫిన్ మైనంలోనూ, ఆ వెంటనే స్టాన్‌ఫర్డ్‌లో ఫీలిక్స్ బ్లాక్ బృందం నీటిలోనూ దీన్ని పట్టుకున్నారు. పర్సెల్, బ్లాక్‌లకు 1952లో నోబెల్ వచ్చింది. అప్పట్లో వాళ్లకు కావలసింది రసాయనశాస్త్రమూ కాదు, వైద్యమూ కాదు. ఒక్కో కేంద్రకానికి అయస్కాంత బలం ఎంతో కచ్చితంగా కొలవడమే వాళ్ల లక్ష్యం.

మొదటి అడ్డంకి అక్కడే వచ్చింది. 1950లో ప్రోక్టర్, యూ అనే ఇద్దరు అమోనియం నైట్రేట్‌లోని నైట్రోజన్‌ను కొలిస్తే ఒకటి రావలసిన చోట రెండు పౌనఃపున్యాలు వచ్చాయి. కేంద్రకానిది స్థిరమైన విలువ అనుకుంటే, అది చుట్టూ ఉన్న రసాయన సమ్మేళనాన్ని బట్టి మారుతోంది! భౌతికశాస్త్రవేత్తకు ఇది చికాకు కలిగించే విషయమే, కొలతలన్నీ ఇక దిద్దుకోవాలి. కానీ మరుసటి ఏడే ఆర్నల్డ్, ధర్మట్టి, ప్యాకార్డ్ కలిసి మామూలు ఇథనాల్‌లో మూడు వేర్వేరు సంకేతాలు చూపించారు. సీహెచ్3కి ఒకటి, సీహెచ్2కి ఒకటి, ఓహెచ్‌కి ఒకటి. వాటి కింద వైశాల్యాలు 3:2:1. అణువులో ఏ హైడ్రోజన్ ఎక్కడ ఉందో దాన్ని ముట్టుకోకుండా చెప్పే మార్గం ఆ రోజు దొరికింది. ఆ ముగ్గురిలో ధర్మట్టి భారతీయుడు, తర్వాత టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో ఈ రంగానికి పునాది వేశారు.

కారణం సులువే. కేంద్రకం చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్లు బయటి క్షేత్రాన్ని కొంత అడ్డుకుంటాయి. పక్కన ఆక్సిజన్ ఉంటే అది ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కుంటుంది, ఆ మేరకు ఎలక్ట్రాన్ల అడ్డు పలచబడుతుంది, ప్రోటాన్ కాస్త వేగంగా తిరుగుతుంది. అందుకే ఇథనాల్‌లో సీహెచ్3 సుమారు 1.2 పీపీఎం దగ్గర ఉంటే ఆక్సిజన్ పక్కనున్న సీహెచ్2 సుమారు 3.7 పీపీఎం దగ్గర ఉంటుంది. పీపీఎం అంటే పది లక్షల్లో వంతు. తేడా ఎంత చిన్నదో ఆ కొలమానమే చెబుతోంది. పక్క కార్బన్ మీదున్న ప్రోటాన్ల ప్రభావం బంధాల గుండా వచ్చి ఒక్కో సంకేతాన్ని మళ్లీ చీలుస్తుంది: సీహెచ్3 పక్కన రెండు ప్రోటాన్లున్నాయి కాబట్టి అది మూడు గీతలు, సీహెచ్2 పక్కన మూడున్నాయి కాబట్టి అది నాలుగు గీతలు.

ఇంత సన్నని తేడాలు కనబడాలంటే క్షేత్రం నమూనా అంతటా ఒకేలా ఉండాలి. 500 మెగాహెర్ట్జ్ యంత్రంలో గీత వెడల్పు ఒక హెర్ట్జ్ లోపు రావాలంటే క్షేత్రంలో తేడా యాభై కోట్లలో ఒక వంతు మించకూడదు. 5 మిల్లీమీటర్ల గాజు గొట్టంలో అర మిల్లీలీటరు పైచిలుకు ద్రావణం పోసి లోపలికి దించిన ప్రతిసారీ ఆ గొట్టమే క్షేత్రాన్ని కాస్త చెడగొడుతుంది. అందుకే చిన్న చిన్న తీగచుట్టల్లో విద్యుత్తును సవరిస్తూ క్షేత్రాన్ని మళ్లీ సమం చేస్తాం, దీన్నే షిమ్మింగ్ అంటాం. ఈ పని ఇప్పుడు కంప్యూటరే చేస్తోంది. అయినా ద్రావణిలో మిగిలే క్లోరోఫామ్ గీతను 7.26 పీపీఎం దగ్గర దగ్గరగా చూడండి. అడుగున ఒక పక్కకు ఒరిగి ఉంటే షిమ్ సరిగ్గా కుదరలేదని అర్థం. మిగతా గీతలను నమ్మే ముందు దాన్ని చూడటం అలవాటు చేసుకోండి. విద్యార్థులు అణువు గురించి రాసే తప్పుడు నిర్ధారణల్లో చాలా వాటికి మూలం ఆ ఒరిగిన గీతే.

ఈ గీతల విలువ పరీక్ష మార్కుల దాకానే అనుకోకండి. 2008లో రక్తం గడ్డకట్టకుండా వాడే హెపారిన్ ఇంజెక్షన్ తీసుకున్న రోగులకు అమెరికాలో ఉన్నట్టుండి రక్తపోటు పడిపోవడం, ఊపిరాడకపోవడం మొదలైంది. మరణాలూ సంభవించాయి. అప్పటి ప్రామాణిక పరీక్షలన్నిటిలో ఆ మందు పాసైంది, ఎందుకంటే అందులో కలిసిన పదార్థం కూడా రక్తం గడ్డకట్టడాన్ని కొంత అడ్డుకునేదే. ఎన్‌ఎంఆర్‌లో మాత్రం దొరికిపోయింది. హెపారిన్‌లోని ఎన్-ఎసిటైల్ సమూహపు మిథైల్ గీత 2.04 పీపీఎం దగ్గర వస్తుంది. ఆ మందులో 2.15 దగ్గర ఇంకో గీత ఉంది. అది ఎక్కువ సల్ఫేట్ సమూహాలు తగిలించిన కాండ్రాయిటిన్ సల్ఫేట్ అని తేలింది. 0.11 పీపీఎం తేడా. తర్వాత ఔషధ ప్రమాణాల్లో హెపారిన్‌కు ఎన్‌ఎంఆర్ పరీక్ష చేర్చారు. సుదూరంగా కనిపించే ఈ గ్రాఫులకూ రోగి ప్రాణానికీ ఎంత దగ్గర సంబంధం ఉందో చెప్పాలంటే నేను ఎప్పుడూ ఈ ఉదాహరణే ఎంచుకుంటాను.

సంకేతం బలహీనమన్న మాట గుర్తుంది కదా. కార్బన్ విషయంలో పరిస్థితి మరీ కష్టం. స్పిన్ ఉన్న కార్బన్-13 ప్రకృతిలో 1.1 శాతమే, దాని పౌనఃపున్యమూ ప్రోటాన్‌లో నాలుగో వంతే. మొదటి యంత్రాల్లో ఒక్కో పౌనఃపున్యాన్నీ మెల్లగా వెతుక్కుంటూ పోయేవారు. 1960ల మధ్యలో రిచర్డ్ ఎర్న్‌స్ట్, వెస్టన్ ఆండర్సన్ ఆ పద్ధతిని మార్చారు. ఒక చిన్న రేడియో పల్స్‌తో అన్ని ప్రోటాన్లనూ ఒకేసారి వాల్చి, కలగలిసి వచ్చే సంకేతాన్ని నమోదు చేసి, ఫోరియర్ గణితంతో అందులో ఏ పౌనఃపున్యం ఎంతుందో విడదీశారు. సెకన్లలో ఒక కొలత పూర్తవుతుంది కాబట్టి వందసార్లు తీసి కలిపితే సంకేతం వంద రెట్లు, అక్కర్లేని రొద (నాయిస్) పది రెట్లు మాత్రమే పెరుగుతాయి. ఎర్న్‌స్ట్‌కు 1991లో నోబెల్ వచ్చింది. రెండు పౌనఃపున్య అక్షాలు వాడే ఆలోచనను 1971లో జాన్ జీనర్ ఒక వేసవి పాఠశాలలో ప్రతిపాదించారు. దాని మీదే కర్ట్ వూత్రిచ్ ద్రావణంలో ఉన్న ప్రోటీన్ల త్రిమితీయ ఆకృతిని కనుక్కునే పద్ధతిని కట్టారు, 2002లో ఆయనకూ నోబెల్ వచ్చింది. రెండు ప్రోటాన్లు సుమారు 5 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఒక ఆంగ్‌స్ట్రామ్ సెంటీమీటరులో పది కోట్లో వంతు) లోపు ఉంటేనే ఒకదాని ప్రభావం మరొకదానిపై కనబడుతుంది. అలాంటి వందల దూరాలను పోగుచేసి ప్రోటీన్ ఎలా మడతపడిందో తేలుస్తారు. స్ఫటికం కట్టని ప్రోటీన్లకు ఇది వరం. కదులుతున్న భాగాలు కూడా కనబడతాయి, అది ఇంకా గొప్ప.

ఇప్పుడు బొమ్మ దగ్గరికి వద్దాం. ఇలా గీతలు చదివే స్పెక్ట్రోస్కోపీ చేసేవాళ్లకు క్షేత్రంలో అసమానత పెద్ద శత్రువని ఇప్పుడే చెప్పాను. 1971లో పాల్ లాటర్‌బర్ దాన్నే తలకిందులుగా ఆలోచించారు: క్షేత్రాన్ని కావాలనే ఒక వైపు నుంచి మరో వైపుకు క్రమంగా పెంచితే? టెస్లాకు 42.58 మెగాహెర్ట్జ్ కదా. మీటరుకు 10 మిల్లీటెస్లాల చొప్పున క్షేత్రం పెరిగితే, ఒక మిల్లీమీటరు పక్కనున్న ప్రోటాన్ 426 హెర్ట్జ్ తేడాతో తిరుగుతుంది. అంటే పౌనఃపున్యం చూసి అది ఎక్కడుందో చెప్పవచ్చు. రసాయన అమరికను చెప్పిన అక్షమే ఇప్పుడు దూరాన్ని చెబుతోంది. రెండింటికీ ఉన్న తేడా అంతా ఇంతే.

1973లో ఆయన ప్రచురించిన మొదటి బొమ్మ చాలా నిరాడంబరమైనది. ఒక మిల్లీమీటరు లోపలి వ్యాసం ఉన్న రెండు సన్నని గొట్టాల్లో మామూలు నీరు, వాటి చుట్టూ పెద్ద గొట్టంలో భారజలం. భారజలంలో ఉన్నది డ్యుటీరియం, దాని పౌనఃపున్యం వేరు కాబట్టి కనబడదు. క్షేత్రపు వాలును (ఇలా క్రమంగా పెరిగే తేడాను, అంటే గ్రేడియంట్‌ను) వేర్వేరు దిశలకు తిప్పుతూ తీసిన నీడలను కలిపితే రెండు మచ్చలు వచ్చాయి. ఆ వ్యాసాన్ని పత్రిక మొదట తిప్పి పంపింది. తర్వాత ఒప్పుకుంది. 1975లో అనిల్ కుమార్, వెల్టీ, ఎర్న్‌స్ట్ కలిసి ఫోరియర్ పద్ధతిని బొమ్మలకూ తెచ్చారు. ఈనాటి స్కానర్లు నడిచేది దాదాపు ఆ దారిలోనే: వాలు ఉన్నప్పుడే రేడియో పల్స్ ఇచ్చి ఒక పలుచని పొరను మాత్రమే వాల్చడం, ఒక అక్షాన్ని పౌనఃపున్యంతో గుర్తించడం, మిగిలిన అక్షాన్ని వరుసగా మారుతున్న దశతో (చుట్టులో ఎంతవరకు తిరిగిందో దానితో) గుర్తించడం. దశ కోసం అదే కొలతను వందల సార్లు మళ్లీ చేయాలి. రోగిని అంతసేపు కదలకుండా పడుకోమనేది అందుకే. మధ్యలో ఒకసారి గుటక వేసినా మెడ బొమ్మలో ఆ కదలిక దశల వెంట నీడల వరుసగా పరుచుకుంటుంది.

పీటర్ మాన్స్‌ఫీల్డ్ 1977లో ప్రతిపాదించిన పద్ధతిలో ఒకే పల్స్ తర్వాత వాలును అతి వేగంగా అటూ ఇటూ మారుస్తూ ఒక పొర మొత్తాన్ని సెకనులో పదో వంతు లోపే చదవవచ్చు. లాటర్‌బర్, మాన్స్‌ఫీల్డ్‌లు 2003లో వైద్య నోబెల్ పంచుకున్నారు. స్కానర్‌లో వినిపించే ఆ భీకరమైన టకటక శబ్దం కూడా ఈ వాలు తీగచుట్టలదే. బలమైన క్షేత్రంలో వాటిలో విద్యుత్తు దిశ మారిన ప్రతిసారీ అవి కంపిస్తాయి. చెవులకు రక్షణ తప్పనిసరి.

బొమ్మ వచ్చింది సరే, దానిలో కణితి ఎందుకు వేరుగా కనబడాలి? శరీరంలో ఎక్కడ చూసినా నీరే. ఇక్కడ ఇంకో ‘అడ్డంకి’ పనికొచ్చింది. వాలిన సదిశ తిరిగి క్షేత్ర దిశకు చేరే కాలాన్ని టీ1 అంటారు. పక్కకు వాలిన ప్రోటాన్లు ఒకదాని లయ నుంచి మరొకటి తప్పిపోయి సంకేతం చచ్చిపోయే కాలాన్ని టీ2 అంటారు. కొలతకు టైము చాలనివ్వని ఈ రెండు కాలాలూ చుట్టూ ఉన్న అణువులు ఎంత స్వేచ్ఛగా దొర్లుతున్నాయన్న దానిపై ఆధారపడతాయి. 1948లోనే బ్లోంబెర్గెన్, పర్సెల్, పౌండ్ దీన్ని లెక్కకట్టారు. మెదడు చుట్టూ ఉన్న ద్రవంలో నీరు స్వేచ్ఛగా ఉంటుంది, దాని టీ1 సుమారు 4 సెకన్లు, టీ2 సుమారు 2 సెకన్లు. మెదడు కణజాలంలో నీరు ప్రోటీన్లకూ పొరలకూ అంటిపెట్టుకుని ఉంటుంది. అక్కడ టీ2 సెకనులో పదో వంతు దగ్గరే. కొవ్వుకు టీ1 చాలా తక్కువ. పల్స్‌ల మధ్య విరామాన్ని, సంకేతం చదివే సమయాన్ని మార్చి ఈ తేడాల్లో దేన్ని చూపించాలో మనమే ఎంచుకోవచ్చు. వాపు, చీము, చాలా రకాల కణితుల్లో నీరు పెరుగుతుంది, అందుకే టీ2 బొమ్మలో అవి తెల్లగా వెలుగుతాయి. ఒకే యంత్రం, ఒకే రోగి, బొమ్మలు మాత్రం ఆరేడు రకాలు. రేడియాలజిస్టు వాటన్నిటినీ పక్కపక్కన పెట్టుకుని చదువుతారు.

ఎలుకల కణితుల్లో ఈ కాలాలు ఎక్కువగా ఉంటాయని 1971లో రేమండ్ డమేడియన్ చూపించారు, 1977లో మనిషి ఛాతీ బొమ్మ కూడా తీశారు. నోబెల్‌లో తనను వదిలేశారని ఆయన బహిరంగంగా నిరసన తెలిపారు. నా అభిప్రాయం అడిగితే, వైద్యులు పట్టించుకోదగ్గ ప్రశ్న వేసింది ఆయనే. కానీ టీ1 అంకె ఒక్కటే చూసి క్యాన్సర్ అని చెప్పడం కుదరలేదు, బొమ్మ కట్టే పద్ధతి మాత్రం లాటర్‌బర్, మాన్స్‌ఫీల్డ్‌లదే.

ఎంఆర్‌ఐ వాడకాల్లో నన్ను ఇప్పటికీ ఎక్కువగా ఆకట్టుకునేది పక్షవాతాన్ని తొలి దశలోనే పట్టుకోవడం. 1950లో స్పిన్ ఎకో (చెదిరిపోయిన సంకేతాన్ని మరో పల్స్‌తో తిరిగి రప్పించడం) కనిపెట్టిన ఎర్విన్ హాన్ ద్రవంలో అణువుల సంచారం వల్ల ఎకో బలహీనపడుతోందని గమనించారు. ఆయన కొలతకు అది నష్టం. తర్వాతివాళ్లు ఆ నష్టాన్నే కొలవడం మొదలుపెట్టారు. ఒక వాలు పల్స్ ఇచ్చి, కొద్దిసేపాగి, దాన్ని రద్దు చేసే మరో పల్స్ ఇస్తారు. ఉన్నచోటే ఉన్న నీటి అణువుకు రెండూ సరిసమానమై పోతాయి. కదిలిన అణువుకు లెక్క సరిపోదు, దాని సంకేతం తగ్గుతుంది. ఆరోగ్యకరమైన మెదడులో 50 మిల్లీసెకన్లలో నీటి అణువు ఒక దిశలో జరిగేది సగటున ఎనిమిది మైక్రాన్లు, అంటే కణాల పరిమాణంలోనే. రక్తం ఆగిపోయిన చోట కణాల పంపులు పనిచేయక నీరు కణాల్లోకి చేరి అవి ఉబ్బుతాయి, నీటి సంచారం దాదాపు సగానికి పడిపోతుంది. అందువల్ల ఆ భాగం కదలికలు చూపే బొమ్మలో తెల్లగా నిలుస్తుంది, అదీ కొన్ని నిమిషాల్లోనే. సీటీలో అప్పటికి ఏమీ కనబడకపోవచ్చు. ఒక మిల్లీమీటరుకన్నా సూక్ష్మంగా చూడలేని బొమ్మలో ఎనిమిది మైక్రాన్ల కదలిక ఆగిపోయిందని తెలియడం! అయినా పక్షవాతం అనుమానిస్తే ముందు సీటీ తీయడంలో తప్పు లేదు. అది త్వరగా అవుతుంది, మెదడులో రక్తస్రావాన్ని వెంటనే తేల్చేస్తుంది, గడ్డ కరిగించే మందు ఇవ్వాలా వద్దా అనేది దాని మీదే ఆధారపడుతుంది.

మెదడు పనితీరు చూపే ఎఫ్‌ఎంఆర్‌ఐ కూడా ఇలా పుట్టిందే. ఆక్సిజన్ వదిలేసిన హిమోగ్లోబిన్ అయస్కాంతానికి లోనవుతుందని 1936లో పాలింగ్, కోరిల్ చూపించారు. అది తన చుట్టూ క్షేత్రాన్ని కొద్దిగా చెడగొడుతుంది. 1990లో సెయిజీ ఒగావా ఆ చెడగొట్టడాన్నే సంకేతంగా వాడుకున్నారు. పనిచేస్తున్న భాగానికి అవసరానికి మించి రక్తం వస్తుంది, ఆక్సిజన్ లేని హిమోగ్లోబిన్ శాతం తగ్గుతుంది, అక్కడ సంకేతం కాస్త పెరుగుతుంది. గుర్తుంచుకోవలసినది: అది చూపేది ఆలోచనను కాదు, కొన్ని సెకన్లు ఆలస్యంగా వచ్చే రక్త ప్రవాహాన్ని. కణితి తీసే ముందు మాట్లాడే శక్తికి సంబంధించిన భాగం ఎక్కడుందో గుర్తించడానికి ఇది ఎంతో ఉపయోగపడుతుంది. ‘అబద్ధం చెప్పేవాళ్లను పట్టేస్తాం’ లాంటి ప్రచారాన్ని మాత్రం నమ్మకండి.

మీ గ్రాఫు కూడా స్కానర్‌లో పూర్తిగా మాయం కాలేదు. నీటికీ కొవ్వుకూ మధ్య 3.5 పీపీఎం తేడా ఉంది, 1.5 టెస్లా దగ్గర అది దాదాపు 220 హెర్ట్జ్. దీనివల్ల బొమ్మలో కొవ్వు తన స్థానం నుంచి కాస్త జరిగి కనబడుతుంది. అదే తేడాను వాడి కొవ్వు సంకేతాన్ని అణిచివేయడమూ జరుగుతుంది. వాలులతో మెదడులోని ఒక చిన్న ఘనాన్ని ఎంచుకుని, సంకేతం చదివేటప్పుడు మాత్రం వాలు లేకుండా, అక్కడి నుంచి నేరుగా స్పెక్ట్రమ్ (మీ తరగతిలోలాంటి గ్రాఫు) కూడా తీయవచ్చు. అందులో 2.0 పీపీఎం దగ్గర నాడీకణాలకు గుర్తుగా ఎన్-ఎసిటైల్ ఆస్పార్టేట్, 3.2 దగ్గర కోలిన్, 1.3 దగ్గర లాక్టేట్ కనిపిస్తాయి. కోతపెట్టకుండా మెదడు రసాయనాలు చదవడమన్నమాట. వైద్యం బయట కూడా ఇదే సూత్రం చమురు బావుల్లో రాతి రంధ్రాల్లోని ద్రవాన్ని కొలుస్తుంది, గింజలను పగలగొట్టకుండానే వాటిలో నూనె శాతం చెబుతుంది. భూమి క్షేత్రంలో ప్రోటాన్ చుట్టే వేగం సుమారు 2 కిలోహెర్ట్జ్, స్పీకరుకు కలిపితే చెవికి వినబడుతుంది. భూమి అడుగున ఇనుము ఎక్కడుందో దానితో వెతుకుతారు.

ఎంఆర్‌ఐ అన్నిటికీ మందు కాదు. గట్టి ఎముకలో టీ2 ఒక మిల్లీసెకను కన్నా తక్కువ, సంకేతం చదివేలోపే పోతుంది, అందుకే నల్లగా కనిపిస్తుంది. ఎముక విరిగిందా లేదా చూడటానికి ఎక్స్‌రే, సీటీలే మేలు. మెదడు, వెన్నుపాము, కీళ్లు, కండరాలు, గర్భాశయం, ప్రోస్టేట్ వంటి మెత్తని భాగాల్లో దీనికి సాటి లేదు.

ఇక మీ నాన్నమ్మగారి సంగతి. నిజమైన ప్రమాదాల్లో మొదటిది అయస్కాంతమే. చాలా స్కానర్లలో అది అతివాహక (నిరోధం లేకుండా విద్యుత్తు ప్రవహించే) తీగలతో చేసినది, సుమారు మైనస్ 269 డిగ్రీల ద్రవ హీలియంలో ఉంటుంది. స్కాన్ జరగనప్పుడు కూడా క్షేత్రం ఉంటుంది, రాత్రి గది తాళం వేసినా ఉంటుంది. ఇనుప ఆక్సిజన్ సిలిండర్‌ను గదిలోకి తేవడం వల్ల అది ఎగిరి తగిలి రోగులు చనిపోయిన ఘటనలు జరిగాయి. అందుకే తోడు వెళ్లే మీరు కూడా ఒంటి మీది లోహ వస్తువులన్నీ బయట పెట్టాలి. పేస్‌మేకర్, మెదడులో రక్తనాళానికి వేసిన క్లిప్, చెవిలో అమర్చిన కాక్లియర్ పరికరం, కంట్లో ఎప్పుడో పడిన ఇనుప రజను ఏదైనా ఉంటే అడగకపోయినా ముందే చెప్పండి. కొన్ని కొత్త పేస్‌మేకర్లతో నిర్దిష్ట నిబంధనల మీద స్కాన్ తీయవచ్చు, కానీ ఆ పరికరం కార్డు చూపించాలి. మోకాలి మార్పిడి ఉన్నవారికి సాధారణంగా తీస్తారు, ఆ చుట్టుపక్కల బొమ్మ మాత్రం చెడుతుంది. రేడియో తరంగాలు శరీరాన్ని కాస్త వేడెక్కిస్తాయి, దానికి పరిమితులున్నాయి. వైర్లు ఒంటికి తగిలి చుట్టలా పడి ఉంటే మాత్రం చర్మం కాలవచ్చు. మంటగా అనిపిస్తే చేతికి ఇచ్చిన రబ్బరు బల్బును వెంటనే నొక్కమని ఆమెకు చెప్పండి.

కాంట్రాస్ట్‌లో ఉండేది గాడోలినియం అనే లోహం. దానికి ఏడు ఒంటరి ఎలక్ట్రాన్లు ఉన్నాయి, చుట్టూ ఉన్న నీటి టీ1ను బాగా తగ్గిస్తాయి, అది చేరిన చోటు టీ1 బొమ్మలో తెల్లగా వెలుగుతుంది. మెదడు రక్తనాళాల గోడ సరిగ్గా ఉంటే అది బయటకు రాదు. కణితి, ఇన్‌ఫెక్షన్, మల్టిపుల్ స్క్లెరోసిస్ (నరాల పైపొర దెబ్బతినే జబ్బు) లాంటి వాటిలో ఆ గోడ దెబ్బతింటుంది కాబట్టి అక్కడ వస్తుంది. అలాంటివి అనుమానిస్తే ఇంజెక్షన్ వల్ల మేలే. నడుము నొప్పికి డిస్క్ చూడటానికో, మోకాలి లిగమెంట్ చూడటానికో అయితే చాలాసార్లు అవసరం ఉండదు. గాడోలినియం విడిగా విషపూరితం, అందుకే దాన్ని పెద్ద అణువులో బంధించి ఇస్తారు. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారిలో అది బయటకు పోక, చర్మం, లోపలి అవయవాలు గట్టిపడే తీవ్రమైన జబ్బు వస్తుందని 2006లో గుర్తించారు. బంధం వదులుగా ఉండే లీనియర్ రకాల్లో కొన్నింటితోనే అది ఎక్కువగా వచ్చింది. ఆ రకం కొన్ని మందులను సిరలోకి ఇవ్వడం నిలిపివేయాలని 2017లో యూరప్ ఔషధ నియంత్రణ సంస్థ సిఫారసు చేసింది. వలయంలా గట్టిగా బంధించే మాక్రోసైక్లిక్ రకాలతో ఆ ముప్పు అత్యంత అరుదు. కాబట్టి వెళ్లే ముందు ఈమధ్య చేయించిన క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పే రక్తపరీక్ష) రిపోర్టు చేతిలో పెట్టుకోండి. దాని నుంచి లెక్కగట్టే ఈజీఎఫ్ఆర్ (మూత్రపిండాలు రక్తాన్ని వడకట్టే వేగం) 30 కన్నా తక్కువ ఉంటే ఇంజెక్షన్ నిజంగా అవసరమా అని ఆమెను చూసే డాక్టరును, ఇవ్వబోయేది మాక్రోసైక్లిక్ రకమేనా అని రేడియాలజిస్టును అడగండి. గతంలో ఏ కాంట్రాస్ట్‌కైనా దద్దుర్లు, ఆయాసం వచ్చి ఉంటే అదీ చెప్పండి.